పోర్చుగీసు అచ్చులు: నోటితో పలికేవి, ముక్కుతో కలిపి పలికేవి

సావో పాలో వెళ్ళిన కొత్తల్లో, మా వీధి మలుపులో ఉన్న బేకరీకి వెళ్ళి, మన పావ్‌భాజీని తలుచుకుంటూ ధైర్యంగా రెండు 'పావ్' ఇమ్మన్నాను. కౌంటర్ వెనకున్న అమ్మాయి పెదవి కొరుక్కుని పక్కనున్న పెద్దాయన వైపు చూసింది. ఆయన మాత్రం నవ్వు ఆపుకోలేదు. పోర్చుగీసులో 'పావ్' అంటే కర్ర. బ్రెజిల్ వాడుకలో ఇంకో మొరటు అర్థం కూడా ఉంది, అది ఇక్కడ రాయను. నాకు కావలసిన రొట్టె పేరు 'పఁవుఁ'. తమాషా ఏమిటంటే మన పావ్ కూడా ఆ పఁవుఁ నుంచి గోవా, బొంబాయిల మీదుగా వచ్చిన మాటే. దారిలో ముక్కు పోగొట్టుకుంది, అంతే.

ఆ రోజు నుంచి ఈ ముక్కు అచ్చుల మీద పడ్డాను. కొన్ని నెలలు తంటాలు పడ్డాక అర్థమైంది: తెలుగువాడికి ఈ శబ్దాలు కొత్తవి కావు. రోజూ పలుకుతూనే ఉంటాడు. కాకపోతే అచ్చులో సున్నలాంటిది కనపడగానే దాన్ని న్ లేదా మ్ అని చదివే అలవాటు అడ్డొస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ అలవాటు వదిలించుకోవడం గురించే.

ముందు రాత సంగతి ఒకటి. పోర్చుగీసు మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను కాబట్టి, ముక్కు కలిసే అచ్చు పక్కన పాత పుస్తకాల్లోని అరసున్న (ఁ) పెడుతున్నాను. అరసున్న ఉన్నచోట నాలుకా పెదవులూ ఎక్కడా మూసుకోకూడదు. దీర్ఘం పెట్టిన చోట సాధారణంగా ఊనిక పడుతుందని, అంటే ఆ అక్షరాన్ని నొక్కి పలకాలని చదువుకోండి. మనలా హ్రస్వ దీర్ఘాలతో అర్థం మారే పద్ధతి ఆ భాషలో లేదు. ఉచ్చారణ ఎక్కువగా బ్రెజిల్‌ది, లిస్బన్ తేడా అవసరమైన చోట చెబుతాను.

మొదటి మెట్టు: కొండనాలుకను చూడండి

అద్దం ముందు నిలబడి, ఫోన్ లైటు నోట్లోకి వేసుకుని, నోరు బాగా తెరిచి 'ఆ' అనండి. వెనక వేలాడే కొండనాలుక, దాని చుట్టూ ఉన్న మెత్తటి అంగిలి పైకి లేస్తాయి. అప్పుడు ముక్కుదారి మూసుకుపోతుంది, గాలంతా నోట్లోంచే వస్తుంది. ఇప్పుడు నోరు అలాగే తెరిచి ఉంచి, ముక్కుతో మాత్రమే ఊపిరి పీల్చి వదలండి. అంగిలి కిందికి దిగుతుంది. నోటి అచ్చుకీ ముక్కు అచ్చుకీ తేడా ఈ తలుపులోనే ఉంది. తలుపు పైకెత్తితే 'లా' (అక్కడ), దించితే 'లఁ' (ఉన్ని).

ముక్కు అచ్చు అంటే గాలి మొత్తం ముక్కులోంచి పోవడం కాదు. నోట్లోంచీ పోవాలి, ముక్కులోంచీ పోవాలి. జలుబు చేసినవాడిలా మాట్లాడితే పోర్చుగీసు వచ్చేస్తుందనుకుని నేను కొన్నాళ్ళు అలాగే మాట్లాడాను. జలుబులో జరిగేది దానికి తలకిందులు, ముక్కు మూసుకుపోతుంది. మా ఆఫీసులో ఒకామె 'మందు వేసుకున్నారా' అని అడిగాక మానేశాను.

రెండో మెట్టు: ఊఁ కొట్టండి

కథ వింటూ మనం కొట్టే 'ఊఁ' ఉంది కదా, అది అచ్చమైన ముక్కు అచ్చు. పెదవులు గుండ్రంగా ఉంటాయి, కానీ మూసుకోవు. పోర్చుగీసులో ఒకటిని అచ్చంగా అలాగే అంటారు: 'ఊఁ'. రాసేటప్పుడు యు తర్వాత ఎమ్ రాస్తారు, దాన్ని చూసి 'ఉమ్' అన్నామా, దొరికిపోయినట్టే. అలాగే ఎవరో పిలిస్తే విసుగ్గా 'ఆఁ?' అంటాం. హిందీ వచ్చినవాళ్ళకి 'నహీఁ'లో చివరి అచ్చు ఉంది, పోర్చుగీసు 'సీఁ' (అవును) అలాగే ముగుస్తుంది. ఒకరిది కాదు, ఒకరిది అవును, అచ్చు మాత్రం ఒకటే.

ఇవి నోటికి తగలకపోతే 'ఙ' సాయం చేస్తుంది. బడిలో బట్టీపట్టి వదిలేసిన అక్షరమే. 'ఙ్ఙ్ఙ్' అని సాగదీయండి. నాలుక వెనక భాగం అంగిలికి అంటుకుని ఉంటుంది, శబ్దం ముక్కులోంచి వస్తుంది. ఆ మోత ఆపకుండా, నాలుకను మాత్రం మెల్లగా కిందికి జార్చండి. మధ్యలో 'గ' టక్కున వినపడితే అంగిలి పైకి లేచిపోయిందని అర్థం, మళ్ళీ మొదలుపెట్టండి. 'గ' లేకుండా జారితే మిగిలేది 'అఁ'. పది పన్నెండు సార్లు చేస్తే అంగిలి మన మాట వినడం మొదలుపెడుతుంది.

మూడో మెట్టు: ముక్కు పట్టుకుని పరీక్ష

ఇది మొత్తం పద్ధతిలో నాకు బాగా పనికొచ్చిన భాగం. కాస్త నిదానంగా చేయండి.

'ఆఆఆ' అంటూ మధ్యలో ముక్కు రంధ్రాలు రెండూ వేళ్ళతో మూయండి. శబ్దం మారదు. తర్వాత 'మ్మ్మ్' అంటూ మూయండి, శబ్దం టక్కున ఆగిపోతుంది, ఎందుకంటే గాలికి ఉన్న ఒక్క దారీ మూసేశారు. ఇప్పుడు 'ఆఁఁఁ' అంటూ మూయండి. శబ్దం ఆగదు, కానీ బొంగురుగా మారుతుంది, వేళ్ళకి సన్నటి అదురు తెలుస్తుంది. మారకపోతే నోటి అచ్చు, ఆగిపోతే హల్లు, మారి కూడా కొనసాగితే ముక్కు అచ్చు.

దీన్ని మాటల మీద వాడండి. పోర్చుగీసులో మంచిని 'బోఁ' అంటారు, రాతలో బి, ఓ, ఎమ్. ముక్కు మూసుకుని ఆ మాటను సాగదీసి పలకండి. చివర శబ్దం తెగిపోతే మీరు పెదవులు మూశారు, 'బోమ్' అన్నారు. 'లఁ' అంటున్నప్పుడు తెగితే నాలుక పైపళ్ళకి తగిలింది, 'లన్' అయింది. ఎవరూ తప్పు పట్టక్కర్లేదు, వేళ్ళే చెబుతాయి.

స్టీలు చెంచాతో ఇంకో పరీక్ష ఉంది. చెంచాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ముక్కు కింద అడ్డంగా పట్టుకుని 'లా' అనండి, తుడిచి 'లఁ' అనండి. రెండోసారి పొగమంచులా ఆవిరి పడాలి. కాకపోతే పలకగానే చెంచా తీసేయాలి, లేకపోతే మామూలు ఊపిరికి కూడా ఆవిరి పడి మోసం చేస్తుంది.

నాలుగో మెట్టు: అయిదు ముక్కు అచ్చులు

పోర్చుగీసులో ముక్కు అచ్చులు అయిదు: ఈఁ, ఏఁ, అఁ, ఓఁ, ఊఁ. నోటి అచ్చులు బ్రెజిల్ ఊనిక అక్షరాల్లో ఏడు. లెక్క ఎందుకు తగ్గిందంటే, ఏ, ఓలకి నోట్లో విప్పారిన రూపం, ముడుచుకున్న రూపం రెండూ ఉన్నాయి, ముక్కులో ముడుచుకున్నవి మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఏఁ, ఓఁ పలికేటప్పుడు దవడ ఎక్కువ దించకండి.

అందులోనూ జాగ్రత్త పడాల్సింది 'అఁ' దగ్గర. మనం 'ఆ' అనేలా నోరు తెరుస్తాం. అక్కర్లేదు. 'అమ్మ'లో మొదటి 'అ' ఎంత తెరుస్తామో అంతే చాలు. 'లా'కీ 'లఁ'కీ ముక్కు ఒక్కటే తేడా కాదు, దవడ కూడా ఒక మెట్టు పైకి రావాలి. అద్దంలో చూస్తే తెలుస్తుంది.

ఈ జంటలు ఒక్కొక్కటి నెమ్మదిగా పలకండి. 'వీ' (చూశాను), 'వీఁ' (వచ్చాను). 'లీదు' (చదివిన), 'లీఁదు' (అందమైన). 'మూదు' (మూగవాడు), 'మూఁదు' (ప్రపంచం). 'కాతు' (ఏరుతాను), 'కఁతు' (పాట, పాడతాను). 'ఆత' (సమావేశం మినిట్స్), 'అఁత' (టాపిర్ అనే అడవి జంతువు, బ్రెజిల్‌లో తెలివితక్కువ వాడికి తిట్టు కూడా).

చివరి మాట మన 'అంత'లాగే కనపడుతుంది. 'అంత' అన్నప్పుడు 'త'కి ముందే నాలుక పళ్ళ వెనక ఆని 'న్' పలుకుతుంది. పోర్చుగీసులో ముక్కు పని అచ్చు మొదలైనప్పుడే మొదలవ్వాలి. 'అఁఁఁఁ' అని లాగి, నాలుకను గాల్లోనే ఉంచి, ఆఖర్న 'త' కొట్టండి. త, ప, క లాంటి స్పర్శాల ముందు పోర్చుగీసువాళ్ళ నోట కూడా లేశమాత్రం న్ వినపడుతుంది, అది నిజమే. ఈ ముక్కు అచ్చులన్నీ అసలు అచ్చు ప్లస్ ఒక అనునాసిక హల్లే అని బ్రెజిల్ భాషావేత్త మాతోజు కమర జూనియర్ (1904–1970) వాదించాడు కూడా. కానీ మనం ఆ లేశం గురించి టెన్షన్ పడక్కర్లేదు. మనకు హల్లు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు.

ఇంకో సంగతి: ఇంగ్లీషు కళ్ళతో చదివి 'కాంటో', 'ముండో' అనకండి. పోర్చుగీసు త, దలు పళ్ళకి తగిలేవే, మన త, దలే. ఈ విషయంలో ఇంగ్లీషువాళ్ళకంటే మనం ముందున్నాం, దాన్ని చేజేతులా పాడుచేసుకోవడం ఎందుకు? (ఇ శబ్దం ముందు బ్రెజిల్‌లో చాలాచోట్ల అవి చ, జలుగా మారతాయి. అది వేరే కథ.)

స ముందు ఇంకో గొయ్యి ఉంది. 'హంస', 'మాంసం' అన్నప్పుడు సున్నను మనం పెదవుల దగ్గరికి తెస్తాం. జాగ్వార్‌ని పోర్చుగీసులో 'ఓఁస' అంటారు. తెలుగు అలవాటులో 'ఓమ్స' అయిపోతుంది. పెదవుల మీద వేలు పెట్టుకుని పలకండి, అవి కలవకూడదు.

అయిదో మెట్టు: 'బొత్తాం'లో దాగిన శబ్దం

ఇప్పుడు అసలు ఘట్టం. పోర్చుగీసు అనగానే వినపడే 'అఁవుఁ'. రాతలో ఏ, ఓ, ఏ మీద అలలాంటి గీత. ఆ గీతను వాళ్ళు 'తిల్' అంటారు, అక్షరం నెత్తిన చిన్నగా రాసిన ఎన్ నుంచి వచ్చింది. 'నఁవుఁ' (కాదు), 'పఁవుఁ' (రొట్టె), 'మఁవుఁ' (చెయ్యి), మన పత్రికల్లో 'సావో' అని రాసే 'సఁవుఁ', అన్నీ ఈ కుటుంబమే.

తెలుగులో 'అన్నం', 'పుస్తకం' అని మామూలుగా, తొందరలో అనండి. చివరి సున్న దగ్గర పెదవులు నిజంగా గట్టిగా మూసుకుంటున్నాయా? చాలామందికి మూసుకోవు. దగ్గరికొస్తాయి, 'వ'కీ 'మ'కీ మధ్య ముక్కులో మోగే శబ్దం ఒకటి వచ్చి మాట ముగుస్తుంది. 'అఁవుఁ' దానికి దాదాపు అన్నదమ్ముల వరస. పాతకాలం తెలుగువాళ్ళ చెవికి ఇది తెలిసే ఉంటుందనిపిస్తుంది. చొక్కా గుండీని పోర్చుగీసులో 'బొతఁవుఁ' అంటారు, మన నోట 'బొత్తాం' అయింది. వాళ్ళ 'లెయిలఁవుఁ' మన 'వేలం'. రెంటికీ చివర సున్నే పెట్టుకున్నారు.

సాధన ఇలా చేయండి. 'అన్నం' అని చివరి భాగాన్ని సాగదీయండి, పెదవులు మూయకుండా ముందుకు గుండ్రంగా తీసుకెళ్ళండి. మొదట్లో మ, నలతో మొదలయ్యే మాటలు తీసుకోండి: 'మఁవుఁ', 'నఁవుఁ'. మ, న పలకడానికే అంగిలి దిగి ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే చాలు. అది కుదిరాక 'పఁవుఁ', 'కఁవుఁ' (కుక్క), 'షఁవుఁ' (నేల). ఇక్కడ హల్లు నోటిది, అచ్చు ముక్కుది, తలుపు మధ్యలో తెరుచుకోవాలి.

ఆ తర్వాత తిరగేయండి. 'మావ్' అంటే చెడ్డ, 'నావ్' అంటే పాతకాలపు ఓడ. మ, న దగ్గర దిగిన అంగిలిని వెంటనే ఎత్తాలి. మనకి ఇదే ఎక్కువ కష్టం, ఎందుకంటే మ, నల పక్కనున్న అచ్చుకి ముక్కు అంటించే అలవాటు మన నోటికి ఉంది. పోర్చుగీసువాళ్ళూ ఈ అంటుకి అతీతులు కారు. వాళ్ళ 'మఁయిఁ' (అమ్మ) లాటిన్ మూలంలో ఎన్ లేదు, మొదటి మ్ నుంచే ముక్కు పాకింది. 'మూఁయిఁతు' (చాలా) రాతలో అయితే ముక్కుకి గుర్తే లేదు. ఇలాంటివి చెవితో నేర్చుకోవాల్సిందే.

మిగిలిన జంట అచ్చులు: 'అఁయిఁ', 'ఓఁయిఁ', 'ఏఁయిఁ'. మాట చివర ఈ, ఎమ్ అక్షరాలు కనపడితే అది 'ఎమ్' కాదు, 'ఏఁయిఁ'. 'బేఁయిఁ' (బాగా), 'తేఁయిఁ' (ఉంది). లిస్బన్‌లో ఇదే 'బఁయిఁ', 'తఁయిఁ' అవుతుంది. 'అఁవుఁ' మాటలకి బహువచనం మూడు రకాలు: చేతులు 'మఁవుఁస్', రొట్టెలు 'పఁయిఁస్', సింహాలు 'లియోఁయిఁస్'. ఏది ఎటు పోతుందో మాటతో పాటే గుర్తుపెట్టుకోవాలి.

క్రియల్లో ఒక తిరకాసు. 'ఫలారఁవుఁ' అంటే మాట్లాడారు, 'ఫలరఁవుఁ' అంటే మాట్లాడతారు. చివరి శబ్దం ఒకటే, రాత వేరు (ఒకటి ఏ, ఎమ్, ఇంకోటి తిల్‌తో). మొదటిదానికి ఊనిక 'లా' మీద, రెండోదానికి చివరి అక్షరం మీద. నేను ఒకసారి జరగబోయే మీటింగును జరిగిపోయిన మీటింగు చేసి చెప్పాను.

కాస్త చరిత్ర

లాటిన్‌లో రెండు అచ్చుల మధ్య ఉన్న న్ పోర్చుగీసులో అరిగిపోయి, పోతూ పోతూ అచ్చుకి ముక్కు అంటించింది. లాటిన్ 'లానా' అలా 'లఁ' అయింది, స్పానిష్‌లో ఇంకా 'లానా'యే. చందమామ 'లూనా' మొదట 'లూఁఅ' అయి, తర్వాత ముక్కు కూడా పోయి ఇప్పుడు 'లూఅ'. మనకీ ఇలాంటిదే జరిగింది: 'వాండు' 'వాఁడు' అయి, చివరికి 'వాడు'గా మిగిలాడు. మన అరసున్న పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది, వాళ్ళ తిల్ ఇంకా నోట్లో ఉంది.

ఆరో మెట్టు: నోటి అచ్చులు, మన గోడా గోడూ

ముక్కు వచ్చేసరికి చాలామంది నోటి అచ్చుల్ని నిర్లక్ష్యం చేస్తారు. ఇ, ఉ, ఆలతో పేచీ లేదు. పేచీ ఏ, ఓలతో. ఒక్కోదానికీ రెండు రూపాలు ఉన్నాయి, వాటితో అర్థం మారుతుంది.

'గోడ' అనండి. 'గోడు' అనండి. మొదటి ఓ దగ్గర దవడ కాస్త దిగి నోరు విప్పారుతుంది, రెండో ఓ దగ్గర పెదవులు ముడుచుకుంటాయి. 'మేక', 'మేకు' కూడా అంతే. తర్వాత వచ్చే అచ్చు అ అయితే మన ఏ, ఓలు విచ్చుకుంటాయి, ఇ, ఉ అయితే ముడుచుకుంటాయి. మనం ఇది ఎన్నడూ గమనించం, ఎందుకంటే దానితో తెలుగులో అర్థం మారదు.

పోర్చుగీసులో 'బోల' అంటే బంతి, 'బోలు' అంటే కేకు. బోలలో గోడ ఓ, బోలులో గోడు ఓ. 'ఏల' అంటే ఆమె, మేకలో ఏ. 'ఏలి' అంటే అతను, మేకులో ఏ. ఇంతవరకు తెలుగు నోరు దానంతట అదే సరిగ్గా పలికేస్తుంది, ఉచితంగా వచ్చిన వరం.

వరం ఎప్పుడూ పనిచెయ్యదు. గ్లాసుని 'కోపు' అంటారు, చివర ఉ ఉన్నా అక్కడ ఓ గోడలోది. నోటిని 'బోక' అంటారు, చివర అ ఉన్నా ఓ గోడులోది. ఇక తర్వాత అచ్చే లేని చోట మనకు ఊతం ఏమీ ఉండదు. 'అవో' అని విప్పార్చి అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ, ముడిచి అంటే తాతయ్య. వీటికి సాధన: ముందు 'గోడ' అని, ఆ నోటి ఆకారాన్ని కదపకుండా 'అవో' అనండి. తర్వాత 'గోడు' అని, అదే ఆకారంతో అనండి. అద్దంలో పెదవుల మధ్య ఖాళీ తేడా కనపడాలి.

రాతలో కొన్నిచోట్ల గుర్తు ఉంటుంది. అక్షరం మీద కుడివైపుకి లేచిన గీత ఉంటే విప్పారిన అచ్చు, చిన్న గొడుగు ఉంటే ముడుచుకున్నది. ఫుట్‌బాల్ రాజు పేరులో చివరి అక్షరం మీద గీత ఉంది, అంటే మొదటి ఎ ముడిచి, రెండోది విప్పార్చి 'పెలే' అనాలి. మన పత్రికలు దశాబ్దాల పాటు ఆయన్ని 'పీలే' చేశాయి.

ఊనిక లేని అక్షరాల సంగతి రెండు మాటల్లో. బ్రెజిల్‌లో మాట చివరి ఎ సాధారణంగా ఇ అవుతుంది, ఒ ఉ అవుతుంది. పోర్చుగల్‌లో ఊనిక లేని ఎ ఇంకా నలిగిపోయి చాలాసార్లు మాయమవుతుంది, 'తెలెఫోని' అన్న మాట 'త్ల్‌ఫోన్' అన్నట్టు వినపడుతుంది. లిస్బన్ వెళ్ళేవాళ్ళు పలకడం కంటే ముందు వినడం ఎక్కువ సాధన చేయాలి.

రోజువారీ సాధన

పది నిమిషాలు చాలు, రోజూ చేస్తే. మొదటి రెండు నిమిషాలు ఙ నుంచి అఁలోకి జారడం, తర్వాత ముక్కు పట్టుకుని అయిదు అచ్చులు, తర్వాత జంటలు. జంటల్ని ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినండి. అదే రోజు వింటే మనం ఏం అనాలనుకున్నామో అదే వినపడుతుంది. మర్నాడు మాత్రం ఏం అన్నామో వినపడుతుంది. ఇంట్లో ఎవరైనా ఉంటే, వరస మార్చి పలికి, 'లీదు' అన్నానా 'లీఁదు' అన్నానా చెప్పమనండి. పోర్చుగీసు రానక్కర్లేదు, మా అమ్మ వీడియో కాల్‌లో వారం రోజులు ఈ పని చేసి పెట్టింది.

చివరగా బేకరీలో నాకు ఒకసారి వినపడిన వాక్యం: 'నఁవుఁ తేఁయిఁ పఁవుఁ బోఁ', మంచి రొట్టె లేదు అని. నాలుగు మాటలు, నాలుగూ ముక్కువే, రాతలో రెండు మాటల చివర ఎమ్ కూడా ఉంది. చూపుడువేలు పెదవులకి అడ్డంగా ఆనించి, ఈ వాక్యం మామూలు వేగంతో పలుకుతూ పెదవులు ఎన్నిసార్లు కలిశాయో లెక్కపెట్టండి. ప దగ్గర ఒకసారి, బ దగ్గర ఒకసారి, మొత్తం రెండు. నాలుగు వస్తే మూడో మెట్టుకి వెళ్ళి ముక్కు పట్టుకోండి.